పాచికలు, పలకలు, ప్రసంగవేదిక: క్వాంటం సిద్ధాంతం గురించి మన సంఘాల్లో వినిపించే ప్రశ్నలు

కిందటి దసరా సెలవుల్లో వెలిగండ్ల మండలంలోని ఒక గ్రామ సంఘంలో యౌవనస్థుల కూడికకు వాక్యం చెప్పడానికి వెళ్ళాను. రెండవ రోజు సాయంకాలం ప్రశ్నల సమయం. పేరు రాయకుండా చీటీ మీద ప్రశ్న రాసి పెట్టెలో వేయమని సంఘ కాపరి చెప్పారు. ఇలాంటి కూడికల్లో సాధారణంగా వివాహం గురించి, సినిమాల గురించి, భాషల వరం గురించి చీటీలు వస్తాయి. ఆ రోజు మాత్రం నాలుగు చీటీలు క్వాంటం సిద్ధాంతం గురించి వచ్చాయి.

ఇందులో వింతేమీ లేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయంతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2025 మే నెలలో ఐబీఎం, టీసీఎస్ సంస్థలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి అమరావతిలోని క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల కంప్యూటర్‌ను నెలకొల్పుతామని ప్రకటించాయి. అప్పటినుండి ఆ మాట దినపత్రికల్లో తరచు కనబడుతోంది. ఒంగోలులోనో మార్కాపురంలోనో ఇంజనీరింగ్ చదువుతున్న మన సంఘపు పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు ఆ మాటను వెంట తెస్తున్నారు.

మొదటి చీటీలో "దేవుడు పాచికలు వేస్తాడా?" అని ఉంది. రెండవది: "మనం చూస్తేనే లోకం ఉంటుందని సైన్స్ చెబుతోందట, అంటే నోటితో ఒప్పుకున్నది జరుగుతుందని రుజువైనట్టేనా?" మూడవది: "దూరంగా ఉన్న రెండు కణాలకు సంబంధం ఉంటుందట, అది ప్రార్థన లాంటిదేనా?" నాలుగవది వంకర అక్షరాలతో ఎవరో చిన్నపిల్ల రాసింది: "మా నాయనమ్మ క్వాంటం లాకెట్ కొన్నది. మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయా అయ్యగారూ?"

ఆ సాయంకాలం నేను తడబడ్డాను. తెలిసిన నాలుగు మాటలు చెప్పి ప్రార్థనతో ముగించాను. చెప్పినదానిలో ఒకటి రెండు తప్పులు కూడా దొర్లాయని తరువాత గ్రహించాను. కాపరి పని చేసేవారికి, ఆ పనికి సిద్ధపడుతున్న విద్యార్థులకు ఇలాంటి చీటీలు ఇకపై వస్తూనే ఉంటాయి గనుక, అప్పుడు చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఇంతకూ ఈ సిద్ధాంతం ఏమి చెబుతుంది?

1900 డిసెంబరులో జర్మన్ శాస్త్రజ్ఞుడు మాక్స్ ప్లాంక్, కాలిన ఇనుము లాంటి వేడి వస్తువులు వెలువరించే కాంతిని లెక్కకట్టే క్రమంలో ఒక ఊహ చేశాడు. శక్తి ధారగా కాక చిన్న చిన్న పొట్లాలుగా వెలువడుతుందన్నదే ఆ ఊహ. కొలత ప్రకారం వచ్చే ఆ పొట్లమే 'క్వాంటం'. 1905లో ఐన్‌స్టీన్ కాంతి కూడా అటువంటి పొట్లాలేనని వాదించాడు. వాటికి తరువాత ఫోటాన్లు అని పేరు వచ్చింది. 1925, 1926 సంవత్సరాల్లో హైజన్‌బర్గ్, ష్రోడింగర్ వేర్వేరు దారుల్లో పూర్తి గణితాన్ని నిర్మించారు. ఆ గణితం చెప్పేది సంభావ్యతలనే, అంటే ఏది ఎంతమేరకు జరగవచ్చుననే, అని మాక్స్ బోర్న్ వివరించాడు.

ఇది ఎక్కడో పరదేశపు గొడవ అనుకోనక్కరలేదు. సి.వి. రామన్ చిన్ననాట విశాఖపట్నంలోని సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదువుకున్నారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం కలకత్తాలో రామన్ దగ్గర పరిశోధన చేశారు. ఫోటాన్‌కు 'స్పిన్' అనే గుణం ఉందనడానికి ప్రయోగపూర్వకమైన ఆధారాన్ని వారిద్దరూ 1931లో ప్రచురించారు. అప్పటికి భగవంతం గారి వయస్సు ఇరవై రెండేళ్ళు. చీటీలు రాసిన మన విద్యార్థుల వయస్సు కూడా ఇంచుమించు అంతే.

ఈ సిద్ధాంతం ఒట్టి ఊహ అని కొట్టివేసే ప్రసంగాలు నేను విన్నాను. అది పొరపాటు. మైకులో ఉన్న ట్రాన్సిస్టర్, మందిరంలో వెలిగే ఎల్ఈడీ దీపం, జేబులోని సెల్‌ఫోన్ దీని లెక్కల మీదనే పనిచేస్తాయి. గిద్దలూరు ఎండకు కూడా ఇదే ఆధారం. సూర్యుని గర్భంలో ఉష్ణం సుమారు కోటిన్నర డిగ్రీలు. పాత భౌతికశాస్త్రం ప్రకారం హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానినొకటి తోసివేసుకొనే బలాన్ని జయించి కలవడానికి ఆ వేడి చాలదు. క్వాంటం నియమం వల్ల అవి అప్పుడప్పుడు ఆ అడ్డుగోడను 'సొరంగం' తవ్వినట్టు దాటుతాయి. అందుకే సూర్యుడు వెలుగుతున్నాడు.

అలయా, కణమా?

చెరువులో ఒక అడ్డుగోడ కట్టి దానికి రెండు సందులు పెట్టారనుకోండి. ఒకవైపు రాయి వేస్తే అలలు రెండు సందుల గుండా వచ్చి, అవతల కొన్నిచోట్ల ఒకదానినొకటి పెంచుకుంటాయి, కొన్నిచోట్ల రద్దు చేసుకుంటాయి. గట్టున చారలు చారలుగా ఆ తేడా కనబడుతుంది. దానికి బదులు రెండు కిటికీల గుండా సజ్జగింజలు చల్లితే అవతల రెండు కుప్పలే పడతాయి, చారలు పడవు.

ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా ఇలాంటి రెండు దారుల గుండా పంపితే ఏమవుతుందో 1989లో జపాన్‌లో టోనోమురా బృందం చిత్రీకరించింది. ప్రతి ఎలక్ట్రాన్ తెరమీద ఒక్క చుక్కగానే పడింది, గింజ పడినట్టు. పది చుక్కలు పడ్డప్పుడు ఏ క్రమమూ లేదు. వేలకొలది చుక్కలు పడేసరికి మాత్రం చెరువు గట్టున కనబడినట్టు చారలు ఏర్పడ్డాయి. ఒక్కొక్కటే వెళ్ళింది కాబట్టి అవి ఒకదానినొకటి తోసుకున్నాయని చెప్పే వీలు లేదు. ఏ దారిన వెళ్ళిందో కనిపెట్టే ఏర్పాటు చేస్తే ఆ చారలు మాయమవుతాయి.

ఈ సంగతి తెలిసిన బోధకులు కొందరు దీన్ని క్రీస్తు రెండు స్వభావాలకు ఉపమానంగా వాడుతున్నారు. కాంతి అలా కణమూ రెండూ అయినట్టు ప్రభువు దేవుడూ మానవుడూ అంటారు. వినడానికి బాగుంటుంది. నేను కూడా ఒకసారి వాడాను. కానీ ఉపమానాన్ని కొంచెం ముందుకు లాగి చూడండి. ఎలక్ట్రాన్ నిజానికి పూర్తి అలా కాదు, పూర్తి కణమూ కాదు. ఆ రెండింటికీ భిన్నమైన మూడవ వస్తువు. ఒక ప్రశ్న వేస్తే అలలా, మరొక ప్రశ్న వేస్తే గింజలా జవాబిస్తుంది. క్రీ.శ. 451లో కల్కెదోను సభ ఒప్పుకున్నది ఇది కాదు. క్రీస్తు సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మానవుడు, ఆ రెండు స్వభావాలు కలగలిసి మూడవదిగా మారలేదు అన్నదే ఆ సభ తీర్మానం. రెండూ కలిసి మూడవది అయిందన్న బోధను యూతికెస్ పేరుతో సంఘచరిత్ర తరగతిలో మనం చదివాం. త్రిత్వానికి నీరు, మంచు, ఆవిరి ఉపమానం చెప్పి తెలియకుండానే సబెల్లియస్ బోధలోకి జారినట్టే, ఇక్కడ యూతికెస్ బోధలోకి జారుతాం. వివేకం గల ఇంజనీరింగ్ విద్యార్థి ఎదురుగా కూర్చుంటే ఇటు భౌతికశాస్త్రంలోనూ అటు సిద్ధాంతంలోనూ రెండు తప్పులు పట్టుకుంటాడు.

చూసేవాడు లోకాన్ని సృష్టిస్తాడా?

రెండవ చీటీ చాలా ముఖ్యమైనది. ఎందుకంటే "నీవు ఏది చూస్తావో అదే నీకు నిజమవుతుంది, క్వాంటం ఫిజిక్స్ దీన్ని రుజువు చేసింది" అనే వాక్యం ఐశ్వర్య సువార్త ప్రసంగాల్లో వినిపిస్తోంది. అప్పుల్లో ఉన్న రైతు కుటుంబం దాన్ని నమ్మి ఉన్నది కూడా కానుకగా ఇచ్చేస్తే, ఆ నష్టం భౌతికశాస్త్రానికి కాదు, ఆ కుటుంబానికి.

ఇక్కడ 'చూడటం' అనే మాటే చిక్కు తెచ్చింది. ఈ సిద్ధాంతంలో చూడటం అంటే మనిషి కన్ను గాని మనస్సు గాని అక్కరలేదు. గాలిలోని ఒక అణువు ఎలక్ట్రాన్‌కు తగిలి, ఆ తాకిడిలో అది ఏ దారిన వెళ్ళిందన్న ఆనవాలు మిగిలితే చాలు. గదిలో ఎవరూ లేకపోయినా చారలు పోతాయి. వెలుగు, గాలి, వేడి, ఇవన్నీ ఎడతెగక అలాంటి ఆనవాళ్ళు పుట్టిస్తుంటాయి. అందుకే రాళ్ళు, బల్లలు, ఎద్దులు ఎలక్ట్రాన్‌లాగా ప్రవర్తించవు. క్యూబిట్ల కంప్యూటర్‌ను అతిశీతలంలో, బయటి కదలిక తగలకుండా దాచిపెట్టడానికి కారణం కూడా ఇదే.

1935లో ష్రోడింగర్ చెప్పిన పిల్లి కథ చాలామందికి తెలుసు. పెట్టెలో పిల్లి, ఒక రేడియోధార్మిక పరమాణువు, విషపు సీసా. పరమాణువు విచ్ఛిన్నమైతే సీసా పగులుతుంది. తెరచి చూసేవరకు పిల్లి చచ్చీ బ్రతికీ ఉందనాలా? ఆయన దీన్ని నిజంగా జరిగేదిగా చెప్పలేదు. అంత అసంబద్ధంగా తేలుతోంది చూడండి అని ఎత్తిపొడవడానికి చెప్పాడు. పెట్టెలోని గాలి, పిల్లి శరీరపు వేడి, విచ్ఛిత్తిని కనిపెట్టే పరికరం, ఇవన్నీ మనం మూత తెరవక ముందే 'చూసేస్తాయి' అన్నది నేటి సమాధానంలో పెద్ద భాగం. అయితే సాధ్యమైన రెండింటిలో ఈ ఒక్కటే ఎందుకు జరిగింది అన్న ప్రశ్న మిగిలే ఉంది. 1952లో డేవిడ్ బోమ్ ఒక రకంగా, 1957లో హ్యూ ఎవరెట్ మరొక రకంగా సమాధానం చెప్పారు. భౌతికశాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

ఈ వివాదంలో ఎవరి పక్షం గెలిచినా 'నోటి ఒప్పుకోలు' బోధకు మాత్రం ఆధారం దొరకదు. చూసేవానికి ఫలితాన్ని ఎంచుకొనే అధికారం లేదు. సగం సగం అవకాశం ఉన్నచోట భక్తుడు చూసినా దొంగ చూసినా, ఉపవాసముండి చూసినా భోజనం చేసి చూసినా, వెయ్యిసార్లలో సుమారు ఐదువందలే వస్తుంది. బోర్న్ చెప్పిన సంభావ్యతా నియమానికి మన కోరికతో పని లేదు.

పాచికల సంగతి

మొదటి చీటీకి వద్దాం. ఆ మాట ఐన్‌స్టీన్‌ది. 1926 డిసెంబరులో బోర్న్‌కు రాసిన ఉత్తరంలో, పరమాత్ముడు పాచికలాడతాడని తాను నమ్మలేనన్న భావం తెలిపాడు. దీన్ని ఐన్‌స్టీన్ దైవభక్తికి సాక్ష్యంగా ఉదహరించే బోధకులున్నారు. జాగ్రత్తగా ఉండాలి. 1929లో న్యూయార్కు రబ్బీ హెర్బర్ట్ గోల్డ్‌స్టైన్ అడిగినప్పుడు, తాను నమ్మేది స్పినోజా చెప్పిన దేవుణ్ణి అనీ, మనుష్యుల క్రియలను పట్టించుకొనే దేవుణ్ణి కాదనీ ఆయన జవాబిచ్చాడు.

పాచికలంటే ఏమిటో ఒక ఉదాహరణ. మన శరీరంలో పొటాషియం ఉంటుంది. అందులో కొద్దిపాటి భాగం రేడియోధార్మికమైనది. మీ ప్రసంగం వింటున్న ప్రతి పెద్దమనిషి శరీరంలో సెకనుకు సుమారు 4,000 పొటాషియం పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. ఇవి సగానికి తగ్గడానికి 125 కోట్ల సంవత్సరాలు పడుతుందని ఖచ్చితంగా చెప్పగలం. అయితే ఫలానా పరమాణువు ఈ క్షణం విచ్ఛిన్నమవుతుందా, లోకాంతం వరకు ఆగుతుందా అన్నది ఈ సిద్ధాంతం ప్రకారం ఎవరూ ముందుగా లెక్కకట్టలేరు. విచ్ఛిన్నం కాబోయే పరమాణువుకు, కాని పరమాణువుకు మధ్య తేడాను సిద్ధాంతం ఏమాత్రం చూపించదు.

అయితే దేవుని ఏలుబడి ఎక్కడ? దీనిపై భౌతికశాస్త్రం తెలిసిన క్రైస్తవులే భిన్నంగా ఆలోచించారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ అణు అధ్యయన సంస్థకు నాయకత్వం వహించి, ఎపిస్కోపల్ సంఘంలో గురువుగా అభిషేకం పొందిన విలియం పొలార్డ్, అట్టి ప్రతి సంఘటన ఫలితాన్నీ దేవుడే నిర్ణయిస్తాడని 1958లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. కేంబ్రిడ్జిలో గణిత భౌతికశాస్త్ర ఆచార్య పదవిని 1979లో విడిచి, 1982లో ఆంగ్లికన్ గురువైన జాన్ పోల్కింగ్‌హార్న్‌కు ఇది సమ్మతం కాలేదు. కొలత జరిగినప్పుడు మాత్రమే ఈ నిర్ణయాలు ఏర్పడితే, దేవుని కార్యం కూడా అప్పుడప్పుడు మాత్రమే జరిగేదిగా మిగులుతుందని ఆయన అభ్యంతరం. వీరికి ముందే, క్వాంటం రసాయనశాస్త్రంలో ప్రసిద్ధుడూ మెథడిస్టు సంఘంలో ప్రసంగీకుడూ అయిన చార్లెస్ కౌల్సన్ 1955లో హెచ్చరించాడు. శాస్త్రానికి తెలియని సందుల్లో దేవుణ్ణి నిలబెడితే, ఆ సందులు పూడినకొద్దీ ఆయనకు చోటు తగ్గుతుందని.

నాకు కౌల్సన్ మాటే సబబుగా తోస్తుంది. మన గ్రంథం యాదృచ్ఛికతకు భయపడిన గ్రంథం కాదు. రూతు 2:3లో ఆమె బోయజు పొలానికి చేరడాన్ని హెబ్రీ మూలం 'తటస్థించడం' అనే అర్థమిచ్చే ధాతువును రెండుమార్లు వాడి చెబుతుంది. 1 రాజులు 22:34లో అహాబుకు తగిలిన బాణం వేసినవాడు గురిచూసి వేయలేదు. సామెతలు 16:33లో, అపొస్తలుల కార్యములు 1:26లో చీట్ల ప్రస్తావన ఉంది. చీటీ ఎలా పడిందో భౌతికశాస్త్రం వివరించినా వివరించకపోయినా ఆ వచనాల అర్థం మారదు. ఆ గ్రంథకర్తలు ఎలక్ట్రాన్లలో ఖాళీ వెతకలేదు.

రెండు పలకల ఆట

మూడవ చీటీకి జవాబు చెప్పడానికి మార్కాపురం పలకలు రెండు కావాలి. సండేస్కూలు పిల్లలతో దీన్ని ఆడించి చూడవచ్చు.

ఇద్దరు పిల్లలను ఎంచుకోండి. ఒకరిని మందిరం లోపల, ఒకరిని బయట నిలబెట్టండి. ప్రశ్నలు మూడు: ఒకటి, రెండు, మూడు అని అంకెలే చాలు. ఒక్కో ఆటలో ఒక్కొక్కరిని ఏదో ఒక్క ప్రశ్నే అడుగుతారు. పలక మీద 'అవును' లేదా 'కాదు' అని రాయాలి. నియమం ఒక్కటే: ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగితే జవాబు ఎల్లప్పుడూ ఒకటే కావాలి. ఆటకు ముందు ఎంతైనా మాట్లాడుకోవచ్చు, మొదలైన తరువాత మాట్లాడకూడదు.

పిల్లలు త్వరగానే కిటుకు పట్టేస్తారు. మూడు ప్రశ్నలకూ ముందే జవాబులు అనుకుంటారు, 'అవును, అవును, కాదు' అన్నట్టు. వేరే ఉపాయం లేదు. ఇప్పుడు వారిని వేర్వేరు ప్రశ్నలు అడిగిన సందర్భాలను మాత్రం లెక్కించండి. జవాబులు రెండు రకాలే, ప్రశ్నలు మూడు. కాబట్టి ఏ మూడు జవాబులు అనుకున్నా కనీసం రెండు ఒకటే అవుతాయి. అందువల్ల ప్రశ్నలను ముందు తెలియకుండా మార్చిమార్చి అడిగితే, వేర్వేరు ప్రశ్నలప్పుడు కూడా సగటున మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండా జవాబులు కలుస్తాయి. ఎంత తెలివిగల పిల్లలైనా దీనికంటే తగ్గించలేరు.

ఒకే మూలం నుండి పుట్టిన రెండు ఫోటాన్లను చెరొక వైపుకు పంపి, మూడు వేర్వేరు దిశల్లో, 60 డిగ్రీల తేడాతో పోలరాయిడ్ ఫలకాలు పెట్టి ఇదే ఆట ఆడించవచ్చు. ఒకే దిశలో అడిగితే జవాబు ఎప్పుడూ కలుస్తుంది. వేర్వేరు దిశల్లో అడిగితే క్వాంటం లెక్క ప్రకారం నాలుగింట ఒక వంతు మాత్రమే కలవాలి. మూడింట ఒక వంతు కంటే తక్కువ! అంటే ఆ ఫోటాన్లు పిల్లల్లాగా జవాబులు ముందే అనుకొని బయలుదేరలేదు. ఐన్‌స్టీన్ మాత్రం అవి అనుకొనే బయలుదేరాయని నమ్మాడు. ఈ భేదాన్ని ప్రయోగంతో పరీక్షించవచ్చని 1964లో జాన్ బెల్ కనిపెట్టాడు. 1972లో క్లౌజర్, ఫ్రీడ్‌మన్, 1982లో ఆస్పే చేసిన ఈ కోవకు చెందిన ప్రయోగాలు క్వాంటం పక్షానే తీర్పు చెప్పాయి. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంతో, మిగిలిన సందేహాలకు కూడా తావులేకుండా చేశారు. క్లౌజర్, ఆస్పే, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది.

నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. అయితే ఇది ప్రార్థన కాదు, టెలిఫోన్ కూడా కాదు. లోపలి పలక ఒక్కటే చూస్తే 'అవును', 'కాదు' సగం సగం, ఏ క్రమమూ లేకుండా ఉంటాయి. బయటివారు ఏ ప్రశ్న అడిగారో దాన్ని చూసి తెలుసుకోలేరు. రెండు పలకలనూ ఒకచోటికి తెచ్చి పోల్చినప్పుడే సంబంధం బయటపడుతుంది. దీనితో ఒక్క అక్షరమైనా పంపలేం. ప్రార్థనలో మనం ఒకరితో మాట్లాడతాం, ఆయన వింటాడని నమ్ముతాం. ఏమీ చెప్పలేని, ఏమీ వినలేని ఈ సంబంధంతో దాన్ని పోల్చడం ప్రార్థనను పెంచినట్టా, తగ్గించినట్టా?

నాయనమ్మ లాకెట్

ఇక చివరి చీటీ. ఊరూరా తిరిగే అమ్మకందారులు 'క్వాంటం', 'బయో', 'ఎనర్జీ' అనే మాటలు అచ్చువేసిన లాకెట్లు, కడియాలు అమ్ముతున్నారు. ఆ మాటలకు ఈ సిద్ధాంతంతో ఏ సంబంధమూ లేదు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ ఇలాంటి పది వస్తువులను పరీక్షించి, వాటినుండి రేడియోధార్మిక కిరణాలు వస్తున్నాయని, ధరించవద్దని ప్రకటించింది. అందులో క్వాంటం లాకెట్ ఉంది, పిల్లల కడియం కూడా ఉంది. ప్రతి లాకెట్ అలాంటిదేనని నేను అనను. కానీ పాప నాయనమ్మను మాత్రం దాన్ని మెడలోనుండి తీసేయమన్నాను.

ఆమె మోకాళ్ళ సంగతి వేరు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఫ్లోరోసిస్ వ్యాధిని అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనివే. కనిగిరి, వెలిగండ్ల ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అక్కడి వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించితే త్రాగడానికి పనికిరాదు. ఏళ్ళతరబడి త్రాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. ఆమె నొప్పికి అదే కారణమో, వయస్సో వైద్యుడు చూసి చెప్పాలి. నీటిని మాత్రం పరీక్ష చేయించవచ్చు.

మరుసటి వారం ఆ సంఘ కాపరి సీసాలో బోరు నీరు పట్టించి పరీక్షకు పంపారు. ఆ పరీక్షకు ప్రయోగశాలల్లో సాధారణంగా వాడే పద్ధతి ఒకటి ఉంది. నీటిలో ఒక ఎర్రని రంగు ద్రావణం కలుపుతారు. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువ ఉంటే ఆ రంగు అంతగా వెలుస్తుంది. 570 నానోమీటర్ల అలదైర్ఘ్యం గల కాంతిని దాని గుండా పంపి, ఎన్ని ఫోటాన్లను రంగు మింగింది, ఎన్నిటిని విడిచిపెట్టింది అని కొలుస్తారు. ఒక్కొక్క అణువు ఒక్కొక్క పొట్లాన్ని పూర్తిగా మింగాలి, లేదా విడిచిపెట్టాలి. ప్లాంక్ చెప్పింది అదే. నాయనమ్మ విషయంలో క్వాంటం సిద్ధాంతానికి ఏమైనా పని ఉందంటే ఆ సీసాలోనే.